హనుమకొండలో కిరాయి కోసం కొనాలంటే: ఫ్లాటా, పోర్షన్లా, దుకాణం మడిగెనా? డబ్బు ఎక్కడ తేవాలి?

"కిరాయితోనే ఈఎంఐ వెళ్లిపోతుంది సార్" అనే మాట వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఫ్లాటు చూడ్డానికి వెళ్లిన వాళ్లందరూ వినేదే. ఆ మాట కొందరి విషయంలో నిజమవుతుంది, ఎక్కువమంది విషయంలో కాదు. ఏం కొన్నారు అన్నది సగం లెక్క. దానికి ఎంత అప్పు, ఎక్కడ తెచ్చారు అన్నది మిగతా సగం. మనవాళ్లు మొదటి సగం మీద ఆర్నెల్లు తిరుగుతారు, రెండో సగం ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. చేతిలో పదిహేను, ఇరవై లక్షలు ఉండి, నెలనెలా కిరాయి వచ్చే ఆస్తి ఒకటి చేసుకోవాలనుకునే ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, ఊళ్లో జాగ ఉండి ఏం చేయాలో తేల్చుకోలేనివాళ్లు, వీళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో కిరాయిలు, ధరలు ఉదాహరణకు పెట్టుకున్నవి. మీ గల్లీ కిరాయి, మీ బ్యాంకు వడ్డీ పెట్టి మళ్లీ లెక్క వేసుకోండి.

ముందు ఫ్లాటు సంగతి

50 లక్షల రెండు పడకగదుల ఫ్లాటు అనుకుందాం. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. పూర్తి ధర మీద రిజిస్ట్రేషన్ చేయించుకుంటే అదే 3 లక్షల 75 వేలు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇంటి లోను 30 లక్షల లోపైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్యనైతే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలోకి రాదు. అంటే బ్యాంకు 40 లక్షలు ఇస్తే మీ చేతి నుంచి 13 లక్షల 75 వేలు పెట్టాలి. ఫ్యాన్లు, గీజరు, కిచెన్ పని వేరే.

8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అయితే 40 లక్షలకు ఈఎంఐ సుమారు 33,450 రూపాయలు. ఫ్లాటుకు 12 వేల కిరాయి వచ్చిందనుకోండి. అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు, ఇంటి పన్ను, ఏడాదిలో ఎప్పుడో ఖాళీగా ఉండే రోజులు తీసేస్తే చేతికి పది వేలు. మిగతా 23 వేల పైచిలుకు ప్రతి నెలా మీ జీతంలోంచే పోవాలి. కిరాయి ఈఎంఐలో మూడో వంతు కూడా మోయలేదు.

ఫ్లాటు చెడ్డదని కాదు. ఫ్లాటులో తలనొప్పి తక్కువ. బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, లెక్చరర్లు కుటుంబాలతో వస్తారు, పిల్లల చదువు కుదిరితే మూడు నాలుగేళ్లు కదలరు. సుబేదారి, నక్కలగుట్ట, బాలసముద్రం వైపు మంచి ఫ్లాటు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. కానీ ఇది సగానికి పైగా సొంత డబ్బు పెట్టగలిగినవాళ్లకు సరిపోయే ఆస్తి. అదే 50 లక్షల ఫ్లాటుకు లోను 12 లక్షలే తీసుకుంటే ఈఎంఐ పది వేల దగ్గర ఆగుతుంది, కిరాయితో సరిపోతుంది. పదమూడు లక్షలు పెట్టి నలభై లక్షలు అప్పు తెచ్చినవాళ్లు మాత్రం ప్రతి నెలా తమ జీతాన్ని ఆ ఫ్లాటుకు పోస్తూనే ఉండాలి.

కట్టడంలో ఉన్న ఫ్లాటు చవక అంటారు. దాని మీద 5 శాతం జీఎస్టీ ఉంటుందని మర్చిపోవద్దు. ధర 45 లక్షలు దాటకుండా, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే జాగ) 90 చదరపు మీటర్ల లోపు ఉంటే మన ఊళ్ల లాంటి చోట్ల 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే కాగితం) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మన దగ్గర చిన్న అపార్ట్‌మెంట్లు చాలా ఈ కోవలోకి వస్తాయి. అలాంటి చోట కాగితాలు చూసుకునే బాధ్యత పూర్తిగా మీదే.

సొంత జాగలో పోర్షన్లు

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఊళ్లో ఇప్పటికే జాగ ఉన్నవాళ్లకు, దాన్ని అమ్మే ఉద్దేశం లేనివాళ్లకు, పోర్షన్లు కట్టి కిరాయికి ఇవ్వడమే వరంగల్‌లో అన్నిటికంటే నయం.

భీమారం వైపో, గోపాల్‌పూర్ వైపో బాపు ఎప్పుడో కొన్న 200 గజాల ప్లాటు ఉందనుకోండి. కింద రెండు, పైన రెండు సింగిల్ బెడ్‌రూం పోర్షన్లు, రెండంతస్తులకూ కలిపి 2,200 చదరపు అడుగులు. అడుగుకు రెండు వేల చొప్పున 44 లక్షల ఖర్చు. ఇందులో 25 లక్షలు లోను, 19 లక్షలు సొంతం. 8 శాతం, పదిహేనేళ్లకు ఈఎంఐ దాదాపు 23,900. నాలుగు పోర్షన్లు ఏడు వేల చొప్పున 28 వేలు. ఒక్కో పోర్షను ఏడాదికి ఒక నెల ఖాళీ, గోడలకు సున్నం, మోటారు రిపేరు, పన్ను అన్నీ పోను ఏడాదికి 2 లక్షల 80 వేల దాకా చేతికొస్తుంది. ఏడాది ఈఎంఐలు 2 లక్షల 87 వేలు. జేబులోంచి పడేది నామమాత్రం. పదిహేనేళ్ల తర్వాత ఇల్లు మీది, కిరాయి మీది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. జాగ ఊరికే రాలేదు. గజం 25 వేలైతే ఆ ప్లాటే 50 లక్షలు. దాన్ని కూడా కలిపితే 94 లక్షల మీద ఏడాదికి వచ్చేది 3 శాతం. ఫిక్స్‌డ్ డిపాజిట్ అంతకంటే ఎక్కువ ఇస్తుంది. కాబట్టి కిరాయి కోసమే కొత్తగా ప్లాటు కొని, ఆ తర్వాత అప్పు తెచ్చి కట్టడం చాలామందికి గిట్టుబాటు కాదు. జాగ ధర పెరుగుతుందన్న నమ్మకం మీద చేస్తే చేయొచ్చు. మడికొండ ఐటీ పార్కు, కాజీపేట రైల్వే యూనిట్, గీసుగొండ వైపు టెక్స్‌టైల్ పార్కు, మామునూరు విమానాశ్రయం అంటూ బ్రోచర్లలో వేసే పేర్లు వట్టివి కావు, కానీ అవి ఈ ఏడాది కిరాయిని పెంచవు. ఇవ్వాళ ఆ గల్లీలో టులెట్ బోర్డు ఎన్ని రోజులు వేలాడుతోందో అదే మీ కిరాయి.

కట్టడానికి లోను ఒకేసారి చేతికి రాదు. బేస్‌మెంటు, స్లాబు, గోడలు, ప్లాస్టరింగ్, ఇలా దశలవారీగా బ్యాంకు ఇంజినీరు చూసి రిపోర్టు ఇచ్చాకే విడుదల చేస్తారు. మొదట మీ వాటా డబ్బు పెట్టించి, తర్వాతే వాళ్లది ఇస్తారు. స్లాబు పడే వారంలో సెంట్రింగ్ వాళ్లకు, కంకరకు, సిమెంటుకు, సుతారి మేస్త్రీకి అన్నీ ఒక్కసారే డబ్బు కావాలి. బ్యాంకు డబ్బు ఆ స్లాబు పడ్డాక వస్తుంది. ఈ మధ్య గ్యాపులోనే మనవాళ్లు రెండు రూపాయల వడ్డీకి వెళ్లి ఇరుక్కుంటారు. అందుకే కట్టడం మొదలుపెట్టే రోజుకే ఒక స్లాబు ఖర్చంత డబ్బు విడిగా ఉండాలి. లేకపోతే మొదట కింది అంతస్తే కట్టి ఆపండి. పిల్లర్లు, పునాది మాత్రం పై అంతస్తును మోసేలా వేయించండి.

రెండంతస్తులకు అనుమతి తీసుకుని మూడో అంతస్తు లేపేవాళ్లు చాలామంది కనిపిస్తారు. బ్యాంకు మంజూరైన ప్లాను దాకానే లోను ఇస్తుంది. ఆ పై అంతస్తు మొత్తం సొంత డబ్బుతోనే కట్టాలి. కార్పొరేషన్ నుంచి నోటీసు వస్తే కిరాయిదారు మొదట ఖాళీ చేసేది కూడా ఆ అంతస్తే.

జాగ ఎవరి పేరు మీద ఉంది అన్నది ఇంకో పెద్ద విషయం. బాపు పేరు మీదుంటే బ్యాంకు ఆయన్ను కూడా లోనులో కలుపుతుంది. ఆయన లేకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ వారసులే. వాళ్ల సంతకాలు లేకుండా బ్యాంకు ముందుకు రాదు. ఇల్లు లేచి కిరాయిలు రావడం మొదలయ్యాక పంపకాల మాట తీస్తే ఇంట్లో మనసులు విరుగుతాయి. ముందు రిజిస్టర్డ్ పంపకం, తర్వాతే పునాది. మీ చెల్లె ఊళ్లో లేకపోయినా సరే, ఆమెను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడండి.

పోర్షన్లు కట్టేటప్పుడు చాలామంది తేలిగ్గా తీసుకునేది కరెంటు మీటరు. నాలుగు పోర్షన్లకు నాలుగు మీటర్లు పెట్టించండి. ఒకే మీటరుకు సబ్‌మీటర్లు తగిలిస్తే యూనిట్లన్నీ ఒకే బిల్లులో పడి ఎక్కువ రేటు పడే శ్లాబులోకి వెళ్తాయి. పైగా గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు కుటుంబాలకు జీరో బిల్లు వస్తుంది, అది కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. మీటరు విడిగా లేకపోతే ఆ లాభం వాళ్లకు అందదు. కిరాయి అడగడానికి వచ్చే ఇల్లాలు గదులు చూసిన వెంటనే "మీటరు సెపరేటేనా అన్నా?" అని అడుగుతోంది. అదే కిరాయి, అదే గల్లీ అయితే మీటరున్న పోర్షనే ముందు నిండుతుంది. హనుమకొండలో కోతుల సంగతి తెలిసిందే కాబట్టి బాల్కనీకి, వంటింటి కిటికీకి గ్రిల్లు, నీళ్ల ట్యాంకుకు గట్టి మూత ఎస్టిమేటులోనే రాయించండి.

చదువుకునే పిల్లల గదులు, హాస్టళ్లు

నిట్ పక్కన గదులు కడితే విద్యార్థులు వస్తారన్న లెక్క సరిగ్గా కుదరదు. అక్కడి పిల్లలు ఎక్కువమంది క్యాంపస్ హాస్టళ్లలోనే ఉంటారు. గదులకు అసలు గిరాకీ కాకతీయ యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు, నయీంనగర్, కిషన్‌పుర, విద్యారణ్యపురి వైపు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదువుకోవడానికి వచ్చే పిల్లలే ఇక్కడి కిరాయిదారులు. ఒక గదిలో ముగ్గురు ఉంటారు కాబట్టి చదరపు అడుగుకు కిరాయి కుటుంబాల కంటే ఎక్కువే పడుతుంది. నోటిఫికేషన్ ఉన్నప్పుడు గది దొరకదు, పరీక్ష అయిపోయిన నెలలో మెట్ల దాకా ఖాళీ అయిపోతుంది. ఈ ఆదాయం మీద పెద్ద ఈఎంఐ పెట్టుకోవద్దు.

మొత్తం బిల్డింగు హాస్టలు నడిపేవాళ్లకు ఇచ్చేయడం ఇంకో పద్ధతి. నెలకు ఒకే చెక్కు, ఒకే మనిషితో మాట. బాత్రూంలు, పైపులు, డ్రైనేజీ రెండేళ్లలో నలిగిపోతాయి, దానికి తగ్గట్టు అడ్వాన్సు తీసుకోవాలి. పిల్లలుండే చోటు కాబట్టి రెండో మెట్ల దారి, మంటలార్పే సిలిండర్లు, అనుమతులు ఉన్నాయో లేదో ఓనరుగా మీరు కూడా చూడాలి. కిరాయి వస్తోంది కదా అని వదిలేసే విషయం కాదిది.

మడిగెలు

వరంగల్ చౌరస్తా, స్టేషన్ రోడ్డు, హనుమకొండ చౌరస్తా లాంటి చోట్ల మడిగె దొరికితే అదృష్టమే, కానీ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. కిరాయి శాతం ఇళ్ల కంటే బాగుంటుంది, లోపలి పని కిరాయిదారే చేయించుకుంటాడు. అయితే ఒక్కసారి ఖాళీ అయితే ఆరు నెలలు షట్టరు దించే ఉండొచ్చు. బ్యాంకులు ఇచ్చే శాతం తక్కువ, వడ్డీ ఇంటి లోను కంటే ఎక్కువ, గడువు తక్కువ. సగానికి పైగా సొంత డబ్బు ఉంటే తప్ప మడిగె జోలికి పోవద్దనే చెప్తాను. వ్యాపారానికి ఇచ్చే కిరాయిలు ఏడాదికి 20 లక్షలు దాటితే 18 శాతం జీఎస్టీ సంగతి కూడా చూసుకోవాలి. రెండు మూడు మడిగెలున్నవాళ్లలో ఎక్కువమంది ఆ హద్దు దరిదాపుల్లో కూడా ఉండరు.

హైదరాబాద్‌లో కొనాలా అంటే, ఘట్‌కేసర్, ఉప్పల్ వైపు పిల్లలో, బంధువులో ఉండి తాళం చెవి చూసుకునేవాళ్లుంటే ఆలోచించండి. ఎవరూ లేకపోతే కుళాయి పాడైన ప్రతిసారీ ఒక రోజు సెలవు పోతుంది. ములుగు, భూపాలపల్లి, జనగామ లాంటి జిల్లా కేంద్రాల్లో బదిలీ మీద వచ్చే ఉద్యోగులకు మంచి ఇళ్లు కావాలి. అక్కడ జాగ ఉన్నవాళ్లు దాన్ని అమ్మి హనుమకొండ రావాల్సిన పనిలేదు.

ఇక డబ్బు సంగతి

అన్నిటికంటే చవకైనది ఇంటి లోను. దాని తర్వాతే మిగతావి. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ ఇంటి లోనును వ్యక్తులు ముందే కట్టేస్తే బ్యాంకు జరిమానా వేయకూడదు. పంట డబ్బో, బోనసో వచ్చినప్పుడు యాభై వేలు అసలుకు కడుతూ పోతే గడువు గట్టిగా తగ్గుతుంది. వడ్డీ మాత్రం నిలకడగా ఉండదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) 4 శాతం నుంచి 6.5 శాతానికి ఎక్కింది, 2025లో మళ్లీ 5.25కి దిగింది. మీరు చూసుకోవాల్సింది ఇవ్వాళ్టి ఈఎంఐ ఒక్కటే కాదు. పైన చెప్పిన పోర్షన్ల లోను 10 శాతానికి పోతే 23,900 కాస్తా 26,900 దగ్గర నిలుస్తుంది. ఆ మూడు వేలు కూడా తట్టుకోగలిగితేనే ముందుకు వెళ్లండి. రేటు పెరిగినప్పుడు బ్యాంకు మిమ్మల్ని అడగకుండా గడువు పొడిగిస్తే ఊరుకోవద్దు. ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అన్నది ఎంచుకునే అవకాశం మీకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులోనే చెప్పింది.

ఇప్పటికే ఇంటి లోను ఉండి సక్రమంగా కడుతున్నవాళ్లకు టాపప్ (అదే లోను మీద అదనంగా తీసుకునే అప్పు) మంచి దారి. వడ్డీ కాస్త ఎక్కువైనా కాగితాల పని తక్కువ. ఉన్న ఇంటిని తాకట్టు పెట్టి తెచ్చే మార్ట్‌గేజ్ లోను వడ్డీ ఇంకా ఎక్కువ, మీరుండే ఇల్లే పణంగా ఉంటుంది. రెండో ఆస్తికి మార్జిన్ మనీ (చేతి నుంచి పెట్టాల్సిన వాటా) కోసం ఈ లోను తెచ్చి, దాని మీద మళ్లీ ఇంటి లోను ఎక్కించేవాళ్లున్నారు. రెండు ఈఎంఐలూ ఒకే కిరాయి మీద ఆధారపడితే ఒక్క ఖాళీ నెలకే ఇల్లంతా టెన్షన్.

బంగారం లోను స్లాబు గ్యాపు లాంటి మూడు నాలుగు నెలల అవసరానికి సరైనది. ఏళ్ల తరబడి రెన్యువల్ చేసుకుంటూ పోవడానికి కాదు. చిట్టీ అయితే రిజిస్టర్డ్ కంపెనీదే వేయండి. నిర్వాహకుల కమీషన్ చట్టం ప్రకారం 7 శాతం దాటకూడదు. మొదటి నెలల్లో ఎక్కువకు పాడుకుంటే ఆ తగ్గింపే మీ వడ్డీ, అది బ్యాంకు వడ్డీ కంటే బరువైపోవచ్చు. ఇల్లు కట్టేది రెండేళ్ల తర్వాత అనుకుంటే ఇవ్వాళే చిట్టీ వేసుకుని, చివర్లో ఎత్తుకోవడం మంచి పద్ధతి.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. పది లక్షలకు నెలకు 20 వేలు, అదీ వడ్డీయే, అసలు అలాగే ఉంటుంది. ఏ పోర్షను కిరాయీ దాన్ని మోయలేదు. తెలిసిన మనిషి, కాగితం లేదు, తొందర లేదు అన్నా సరే, కిరాయి ఆస్తికి ఈ డబ్బు వద్దు.

ఆదాయపు పన్ను విషయంలో "టాక్స్ మిగులుతుంది" అనే బిల్డర్ల మాట నమ్మేముందు మీరు పాత పద్ధతిలో ఉన్నారో, కొత్త పద్ధతిలో ఉన్నారో చూసుకోండి. కిరాయిలోంచి కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు పాత, కొత్త పద్ధతులు రెండిట్లోనూ ఉంది. కిరాయికిచ్చిన ఇంటి లోను వడ్డీ కూడా రెండిట్లోనూ కిరాయిలోంచి తీసేయొచ్చు. తేడా ఆ తర్వాత వస్తుంది. పైన ఫ్లాటుకు మొదటి ఏడాది వడ్డీ 3 లక్షల 17 వేల దాకా ఉంటుంది, మినహాయింపుల తర్వాత కిరాయి లక్ష లోపు. మిగిలే రెండు లక్షల పైచిలుకు నష్టంలో పాత పద్ధతిలో 2 లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఒక్క రూపాయి కూడా జీతంలోంచి తగ్గదు. ఇప్పుడు చాలామంది కొత్త పద్ధతిలోనే ఉన్నారు కాబట్టి "టాక్స్ మిగులుతుంది" అన్నది వాళ్లకు వర్తించదు.

బయానా ఇచ్చేముందు

2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు పరిసరాల్లో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. కింది అంతస్తు చూడ్డానికి వెళ్తే కాంపౌండు గోడ మీద నీటి చార ఉందేమో చూడండి. గోడకు కింది మూడడుగులే కొత్త రంగు ఉంటే ఎందుకో అడగండి. ఓనరు చెప్పకపోయినా గల్లీ మొదట్లో ఉండే కిరాణం దుకాణం ఆమె చెప్తుంది. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దులు కూడా చూసుకోండి, ముఖ్యంగా భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల పక్కన.

కార్పొరేషన్‌లో కలిసిన విలీన గ్రామాల్లో పాత పంచాయతీ లేఅవుట్లు చాలా ఉన్నాయి. ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ఫీజు కట్టి క్రమబద్ధీకరించిన ప్లాటా, దరఖాస్తు రసీదు మాత్రమే ఉందా అన్నది కాగితం చూసి తేల్చుకోండి. నోటరీ కాగితాల ప్లాటుకు లోను రాదు, కిరాయి లెక్కలన్నీ అక్కడితో ఆగిపోతాయి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల జాబితా) ముప్పై ఏళ్లది తీయించి, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) వరుసగా ఉన్నాయో లేదో బ్యాంకు లాయరు కాకుండా మీ సొంత లాయరుతో చూపించండి. నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు ఉందేమో కూడా అప్పుడే చూడాలి.

అన్నీ బాగుంటే అప్పుడు బయానా. మాట మీద ఇవ్వకుండా అగ్రిమెంటు రాయించుకోండి. బ్యాంకు లీగల్‌లోనో, వాల్యుయేషన్‌లోనో లోను ఆగిపోతే బయానా మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలన్న షరతు అందులో ఉండాలి. అమ్మేవాళ్లు ఆ ఒక్క లైను రాయడానికి ఒప్పుకోకపోతే ఆ ఆస్తి వదిలేసి ఇంకోటి చూడండి.